పూత రాలుతోంది, కొత్తిమీర పువ్వెత్తింది, కీరదోస చేదొస్తోంది... ఇంకో అరెకరం వేయమంటారా?

ఒక తమ్ముడు రాసిన ప్రశ్న ఇది, చాలా పెద్దగా రాశాడు, అసలు సంగతి మాత్రం ఉంచి మిగతాది కుదించా.

"అక్కా, నేనూ మా ఆవిడా అరెకరంలో కూరగాయలు పండించి నేరుగా ఇళ్ళకే ఇస్తున్నాం. చలి తగ్గగానే టమాటా, కీరదోస, సొర, బెండ, బీన్స్, కొత్తిమీర, పాలకూర అన్నీ ఒకే వారంలో వేసేశాం. ఇప్పుడు ఎండలు మొదలయ్యేసరికి టమాటా పూత రాలిపోతోంది, మందుల షాపాయన హార్మోన్ స్ప్రే చెయ్యమన్నాడు. కొత్తిమీర పువ్వెత్తేసింది. కీరదోస చేదుగా ఉందని కస్టమర్లు వెనక్కిస్తున్నారు. మోటారు రోజుకి మూడు గంటలు ఆడాక నీళ్ళు సన్నబడిపోతాయి. తోట మొత్తానికీ షేడ్‌నెట్ వేయిస్తే బాగుపడుతుందా? పక్కన ఇంకో అరెకరం ఖాళీగానే ఉంది, అది కూడా వేస్తే ఈ నష్టం పూడుతుందేమో అనుకుంటున్నాం. ఏం చెయ్యమంటావు?"

తమ్ముడూ, చివరి ప్రశ్నకే ముందు జవాబు చెప్పేస్తా. ఆ ఖాళీ అరెకరం జోలికి ఇప్పుడు పోకు. పోకపోగా ఉన్న అరెకరంలోనే మూడో వంతు తగ్గించుకోమంటా. నష్టం పూడ్చుకుందామని అడిగితే ఇదేం సలహా అనుకుంటావేమో, కానీ లెక్క నువ్వే వేసి చూస్కో, నా మాట మీద వెళ్ళక్కర్లేదు.

అరెకరం అంటే దాదాపు 2000 చదరపు మీటర్లు. ఎండలు ముదిరాక నిండుగా ఎదిగిన కూరగాయ తోట చదరపు మీటరుకి రోజుకి 5-6 లీటర్ల దాకా తాగుతుంది, వేడిగాలి కొట్టే రోజుల్లో ఇంకా ఎక్కువే లాగుతుంది. ఆరు వేసుకుంటే రోజుకి 12,000 లీటర్లు. ఇప్పుడు నీ మోటారు ఎంత పోస్తోందో కొలువు, రెండొందల లీటర్ల డ్రమ్ము పైపు కింద పెట్టి ఫోన్‌లో టైమ్ చూడు, అది కూడా స్టార్ట్ చేసిన వెంటనే కాదు, మూడో గంటలో చూడు, మొదటి గంటలో పైపు నిండా వచ్చే నీళ్ళు చూసి అందరూ మోసపోతారు. మాటవరసకి డ్రమ్ము నిండటానికి నాలుగున్నర నిమిషాలు పట్టిందనుకో, గంటకి 2,600 లీటర్ల చిల్లర, మూడు గంటలకి ఎనిమిది వేలు. కావాల్సింది పన్నెండు, వస్తున్నది ఎనిమిది. ఇప్పుడు మొక్కలు ఇంకా నిండుగా ఎదగలేదు కాబట్టి సరిపోతున్నట్టే కనిపిస్తుంది, తీగలు పూర్తిగా పాకి ఆకు నేలని కమ్మేసిన రోజున ఆ నాలుగు వేల లీటర్ల లోటు ఒక్కసారిగా బయటపడుతుంది, అప్పుడు ఏ మడికి ఎగ్గొట్టాలో తెలీక రోజుకో మడికి ఎగ్గొడతావు, అలా అన్నీ సగం సగం తడిసి అన్నీ సగం సగమే కాస్తాయి. అదే మూడో వంతు తీసేసి మిగిలినదానికి కడుపు నిండా నీళ్ళిస్తే మొత్తం దిగుబడి తగ్గదు, చాలాసార్లు పెరుగుతుంది కూడా. పైగా కలుపు తీసే నేల తగ్గుతుంది.

మరి ఏది తీసేయాలి? పువ్వెత్తిన కొత్తిమీర, పాలకూర ఎలాగూ పోయినట్టే, రేపే పీకెయ్. కొత్తిమీర పువ్వులు మాత్రం ఒక మూల కొన్ని ఉంచు, పేనుబంకని తినే పురుగులు, చిన్న చిన్న కందిరీగలు ఆ పూల మీదకి బాగా వస్తాయి. తర్వాత బీన్స్ వైపు చూడు. 32-35 డిగ్రీలు దాటితే బీన్స్ కూడా పూత రాల్చేస్తుంది, దానికి తోడు కోత కూలి దండగ, గంటసేపు వంగి కోస్తే బుట్ట నిండదు. మీరిద్దరే కదా కోసేది. ఎండాకాలంలో పొద్దున కోతకి దొరికేది రెండు మూడు గంటలు, ఆ టైమ్‌లో ఏ పంటకి గంటకి ఎన్ని కిలోలు కోస్తున్నారో ఒక వారం రాసి చూడండి. నీళ్ళ లెక్క లాగే చేతుల లెక్క కూడా ఉంటుంది, అది ఎవరూ వెయ్యరు, బెండ ముదిరిపోయాక గానీ గుర్తు రాదు.

ఇక టమాటా. పగలు 35 దాటి రాత్రి కూడా 22-24 కంటే దిగకపోతే పుప్పొడి పాడవుతుంది, పువ్వు చూడ్డానికి బానే ఉంటుంది, కాయ మాత్రం కట్టదు. ఇందులో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది, పుప్పొడి బాగా దెబ్బతినేది పువ్వు విచ్చుకున్న రోజు కాదు, దానికి వారం పది రోజుల ముందు, అది ఇంకా బుల్లి మొగ్గగా ఉన్నప్పుడు. అంటే ఇవాళ రాలుతున్న పూత పోయిన వారం కాసిన ఎండకి బలైన పూత అన్నమాట. ఇవాళ నువ్వేం కొట్టినా ఆ పుప్పొడి తిరిగి బతకదు. హార్మోన్ కొడితే పువ్వు రాలకుండా పట్టుకుని కాయ కడుతుంది, అది నిజమే, కానీ లోపల గింజ, గుజ్జు సరిగ్గా లేకుండా బోలుగా వచ్చే కాయలే ఎక్కువ, డోసు కాస్త ఎక్కువైతే ఆకులు మెలికలు తిరుగుతాయి, పూత ఇంకా రాలుతుంది. కస్టమర్ ఇంటికి నేరుగా ఇచ్చే నీకు బోలు కాయలు ఎందుకు? ఆ డబ్బులు మల్చింగ్‌కి, అంటే మొక్కల చుట్టూ నేలని గడ్డితో గానీ షీటుతో గానీ కప్పడానికి పెట్టు. రాత్రులు నాలుగు డిగ్రీలు తగ్గితే పది పన్నెండు రోజులకి మంచి పూత తనంతట తనే నిలబడుతుంది, అప్పటిదాకా చెట్టుని బతికించుకోవడమే పని.

బతికించుకోవడం అంటే, ఒకటి నత్రజని ఆపు, పూత రాలుతోందని యూరియా వేసేవాళ్ళు ఉన్నారు, దాంతో ఆకు పెరుగుతుంది, పేనుబంక పెరుగుతుంది, కాయ మాత్రం రాదు. ఇంకోటి, గాలాడాలని ఆకులు పీకొద్దు, ఇప్పుడు ఆకే కాయకి గొడుగు, ఆకు తీసేస్తే ఎండ పడిన వైపు కాయ తెల్లగా పాలిపోయి కాగితంలా అయిపోతుంది. ఇప్పటికే ఉన్న కాయల్ని చెట్టు మీద ఎర్రగా పండేదాకా ఉంచకు. 30 డిగ్రీలు దాటితే టమాటాలో ఎర్ర రంగు సరిగ్గా తయారవ్వదు, పసుపు నారింజ మధ్యలో ఆగిపోతుంది, జనం అది చూసి పచ్చిదంటారు. కాయ అడుగున కాస్త గులాబీ రంగు తిరగ్గానే కోసి, గాలాడే నీడలో పల్చగా పరిచి పెట్టుకో, చక్కగా ఎరుపెక్కుతుంది, చెట్టుకీ బరువు తగ్గుతుంది. అడుగున నల్లగా కుళ్ళిన మచ్చ పడితే కాల్షియం స్ప్రే అంటూ మళ్ళీ ఆ షాపుకే పరిగెత్తకు, చాలా నేలల్లో కాల్షియం ఉంటుంది, ఒకరోజు ఎండబెట్టి ఒకరోజు ముంచితే అది నీళ్ళతోపాటు కాయ దాకా చేరదు, అంతే సంగతి. కాయలు పగలడానికీ అదే కారణం.

కీరదోస చేదు కూడా దాదాపు నీళ్ళ జబ్బే. వేడికి, దాహానికి తీగ తట్టుకోలేనప్పుడు కుకుర్బిటాసిన్ అనే చేదు పదార్థం కాయలోకి ఎక్కువగా వస్తుంది, తొడిమ దగ్గర, తొక్క కింద ఎక్కువుంటుంది. రోజూ ఒకే టైమ్‌కి, పొద్దున్నే నీళ్ళు పెట్టు, కాయ లేతగా ఉండగానే కోసెయ్, పాదు మీద పసుపు తిరిగిన కాయ ఒక్కటి ఉన్నా తీగ ఇక నా పని అయిపోయింది అనుకుని కొత్త పిందెలు వెయ్యడం తగ్గించేస్తుంది, అమ్మకానికి పనికిరాని కాయ కూడా తెంపి పారెయ్యాల్సిందే. కొన్ని రకాల్లో పుట్టుకతోనే చేదు తక్కువ, ఈసారి విత్తనం కొనేటప్పుడు చేదు లేని రకం కావాలని అడుగు. ఇక్కడే ఒక మాట, కీరదోస కాస్త చేదైతే తొడిమ వైపు కోసేసి తింటారు, సరే, కానీ సొరకాయ చేదుగా ఉంటే మాత్రం అమ్మొద్దు, మీరూ తినొద్దు, ఎవరికీ ఊరికే కూడా ఇవ్వొద్దు. చేదు సొరకాయ రసం తాగి వాంతులు, రక్తస్రావంతో ఆస్పత్రుల పాలైనవాళ్ళున్నారు, ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. ఒక పాదు కాయ చేదని తేలితే ఆ పాదు పీకెయ్.

కీరదోస కాయలు వంకరగా, ఒక కొసన సన్నగా వస్తున్నాయా? నువ్వు రాయలేదు గానీ ఈ ఎండలకి అదీ మొదలవుతుంది. తేనెటీగలు సరిగ్గా రాకపోతే అలా అవుతుంది. కీర పువ్వు పొద్దున విచ్చుకుని ఆ ఒక్క రోజే ఉంటుంది, కాబట్టి పొద్దున పూట ఏ మందూ కొట్టొద్దు, వేప నూనె అయినా సరే సాయంత్రం పొద్దు వాలాకే. ఎండలో నూనె కొడితే ఆకు కూడా మాడుతుంది. సొర పువ్వు మాత్రం సాయంత్రం విచ్చుకుంటుంది, ఆ వరసలకి ఇంకా ఆలస్యంగా, లేదంటే తెల్లారకముందే కొట్టుకో.

ఎండాకాలం పురుగుల్లో నేను భయపడేది ఎర్రనల్లికే. ఆకు మీద సన్నటి తెల్ల చుక్కలు, వెనక్కి తిప్పితే సాలెగూడు లాంటి దారాలు కనిపిస్తే అదే. దుమ్ము, పొడి వేడి దానికి పండగ. కనిపించిన వెంటనే ఆకుల వెనక వైపు తగిలేలా నీళ్ళు గట్టిగా కొట్టు, తోట పక్కన బండ్ల దారి ఉంటే దాని మీద కాస్త తడి చల్లు, దుమ్ము లేవకుండా. సింథటిక్ పైరెత్రాయిడ్ రకం పురుగు మందులు (సైపర్‌మెత్రిన్ లాంటివి) కొడితే నల్లిని తినే మంచి పురుగులు చచ్చి నల్లి ఇంకా విజృంభిస్తుంది, షాపుల్లో చేతికిచ్చేది చాలాసార్లు అవే, డబ్బా మీద మందు పేరు చదివి తీస్కో. తెల్లదోమకి పసుపు అట్టలు, తామర పురుగుకి నీలం అట్టలు ఆకు ఎత్తులోనే కట్టు. అవి పురుగుని మొత్తం చంపేస్తాయని కాదు, ఎప్పుడు పెరుగుతోందో ముందే చెప్తాయి. ముడత వైరస్ పట్టిన టమాటా, ఈనెలు పసుపు రంగుకి తిరిగిన బెండ మొక్కలకి మందు లేదు, జాలిపడకుండా పీకెయ్, లేదంటే తెల్లదోమ దాన్ని పక్క మొక్కకి మోస్తుంది.

నీళ్ళ సంగతికి మళ్ళీ వస్తా, ఎందుకంటే నువ్వడిగిన అన్నిటికీ మూలం అక్కడే ఉంది. మధ్యాహ్నం ఆకులు వాలిపోయాయని పరిగెత్తి మోటారు వెయ్యొద్దు, వేర్లు తోడేదానికంటే ఆకు వదిలేది ఎక్కువైనప్పుడు తడి ఉన్నా వాలతాయి, ముఖ్యంగా గుమ్మడి, సొర లాంటివి. తెల్లారి చూడు, అప్పుడూ వాలే ఉంటే దాహం నిజమే. వేలు పొడవు లోతు మట్టి తీసి పిడికిట్లో నొక్కు, ముద్దకట్టి నిలిస్తే తడి ఉన్నట్టే, పొడిపొడిగా రాలితే నీళ్ళు పెట్టు. ఇసుక నేలైతే అదే నీళ్ళని పొద్దున సగం సాయంత్రం సగం ఇవ్వు, ఒకేసారి ఇస్తే వేర్లు దాటి కిందకి పోతాయి. నల్ల నేలైతే రోజు విడిచి రోజు నిండుగా ఇచ్చినా నడుస్తుంది. డ్రిప్ ఉంటే వారానికోసారి లేటరల్ పైపుల (వరసల వెంట వేసిన సన్న పైపులు) చివర మూతలు తీసి మురికి పోనివ్వు, వరస చివర మొక్కలు చిన్నగా ఉన్నాయంటే ఎక్కువసార్లు నేల తప్పు కాదు, చివరి రంధ్రాలు మూసుకుపోయాయని అర్థం.

మల్చింగ్ ఈ వారమే వెయ్. ఎండు గడ్డి, ఆకు, చెత్త ఏదైనా సరే నాలుగు వేళ్ళ మందాన, కాండానికి తగలకుండా, బాగా తడిపిన నేల మీద పరుచు, పొడి నేల మీద పరిస్తే పొడినే కాపాడుతుంది. ఎండ నేరుగా తగిలే మట్టి పైపొర 50 డిగ్రీలు దాటుతుంది, పై వేర్లన్నీ అక్కడే ఉంటాయి మరి. గింజ కట్టిన గడ్డి మాత్రం వాడకు, కలుపుని నువ్వే చల్లినట్టవుతుంది. ప్లాస్టిక్ షీట్ వాడితే వెండి రంగు పైకి ఉండాలి, నల్లది పైకి వేస్తే ఎండాకాలంలో నేల ఉడుకుతుంది, అదే ఉంటే దాని మీద పల్చగా గడ్డి కప్పెయ్. వెండి రంగు మెరుపుకి తామర పురుగు, పేనుబంక వాలడం కూడా తగ్గుతుంది.

షేడ్‌నెట్ మొత్తం తోటకి వద్దు. బెండకి, తోటకూరకి నీడ వేస్తే డబ్బులు పెట్టి దిగుబడి తగ్గించుకున్నట్టే, అవి ఎండ పిల్లలు. నారుమడికి, కొత్తిమీర లాంటి లేత ఆకుకూర మడులకి మాత్రం వేసుకో, 50 శాతం ఎండని ఆపే నెట్, మనిషి ఎత్తుకి పైగా, పక్కలు తెరిచి, గాలి ఆడేలా. నేలకి దగ్గరగా కడితే కింద వేడి నిలిచిపోతుంది. టమాటాకి వేయాలనిపిస్తే 35 శాతం కంటే ఎక్కువ వద్దు, ఎక్కువైతే మొక్క సన్నగా సాగిపోయి పూతే రాదు.

కొత్తిమీర మీద అంత ఆశ ఉంటే ఆ నెట్ కింద వారానికి ఒక్క చిన్న పట్టీ చొప్పున వేసుకో, ధనియాలు రెండు బద్దలయ్యేలా నలిపి, కాస్త ఒత్తుగా, నాలుగు వారాలకే లేతగా పీకి కట్టలు కట్టు, పెద్దదయ్యేదాకా ఆగితే మళ్ళీ పువ్వే. పగలు పెరిగి వేడి ముదిరితే పువ్వెత్తడం దాని నైజం, నీ సాగు తప్పు కాదు. లెట్యూస్ లాంటివి ఎవరైనా అడిగితే ఇప్పుడు లేదని చెప్పెయ్, 28-30 డిగ్రీల పైన దాని విత్తనం నిద్రలోకి పోతుంది, మొలవదు. వాటి బదులు తోటకూర, బచ్చలి, గోంగూర, గంగవాయిలి పెట్టు. తోటకూర మూడు నాలుగు వారాల్లో కోతకొస్తుంది, ఎంత ఎండకాస్తే అంత ఊపుగా లేస్తుంది. కస్టమర్లకి ముందే ఒక మెసేజ్ పెట్టు, ఎండాకాలం మా దగ్గర ఇవి ఉంటాయి, అవి ఉండవు అని. నేరుగా అమ్మేవాళ్ళకి ఉన్న పెద్ద సౌకర్యమే అది, వాళ్ళ దగ్గర దాచేది ఏముంది.

అన్నీ ఒకే వారంలో వేశానన్నావు చూడు, నాకు గుచ్చుకున్నది ఆ ఒక్క మాట. ఒకే వారంలో వేస్తే ఒకే వారంలో కాస్తాయి, మీ ఇద్దరి చేతులూ చాలవు, కస్టమర్‌కి మూడు వారాలు బుట్టలు పొంగుతాయి, ఆ తర్వాత నెల రోజులు ఇవ్వడానికేం ఉండదు, అప్పుడు వాళ్ళు వేరేవాళ్ళని చూసుకుంటారు. పెద్ద రైతుకి ఒకేసారి కోత కావాలి, లారీ నింపాలి కాబట్టి. నీకు కావాల్సింది వారం వారం కొంచెం కొంచెం. తగ్గించమన్నా కదా, ఆ ఖాళీ అయిన మడులు ఊరికే పడి ఉండవు, విడతలు వెయ్యడానికే అవి. బెండ మూడు వారాలకొక విడత, కీర మొదటి విడత తీగ పాకడం మొదలెట్టగానే రెండో విడత గింజలు, తోటకూర వారానికో పట్టీ. కొత్త మొక్క తక్కువే తాగుతుంది, పాతది అయిపోయేసరికి ఇది అందుకుంటుంది, అందుకని నీళ్ళు కూడా సర్దుకుంటాయి. గింజ వేసే ముందు మడి ఒకసారి తడిపి వారం ఆగి, మొలిచిన కలుపు పైపైన గీకేసి అప్పుడు వెయ్, సగం కలుపు అక్కడే పోతుంది. నారు నాటేది సాయంత్రమే, నాటే ముందు వారం రోజులు నారుకి నీళ్ళు కాస్త తగ్గించి, మెల్లమెల్లగా పూర్తి ఎండ అలవాటు చేసి నాటు.

కోత తెల్లవారుజామునే అవ్వాలి. ఎండెక్కాక కోసిన కాయ వేడిని లోపల పెట్టుకుని గంటల్లో వడిలిపోతుంది. కోసింది కోసినట్టు నీడకి చేర్చు, ఆకుకూరల్ని శుభ్రమైన చల్లటి నీళ్ళలో ముంచి తీసి తడి గోనె కింద పెట్టు. బెండ మాత్రం తడపకు, నల్లబడుతుంది. బెండ రోజు విడిచి రోజు కొయ్యాల్సిందే, కొస విరిస్తే టక్కున విరగాలి, వంగితే అది అప్పటికే ముదిరింది. ఫ్రిజ్ ఉంది కదా అని కీర, బెండ, టమాటా, వంకాయ అందులో తోసేయకు, 10 డిగ్రీల కంటే చల్లగా కొన్ని రోజులుంటే అవి పాడవుతాయి, బయటికి తీశాక గుంటలు పడి నీరు కారతాయి.

ఇక ఆ ఖాళీ అరెకరం. ఒక చిన్న ముక్క, వచ్చే నారుమడికి సరిపడా, దున్ని చదును చేసి బాగా తడిపి, మీద అవతల ఉన్నది కనిపించే పల్చటి ప్లాస్టిక్ షీటు పరిచి అంచులు మట్టితో గట్టిగా మూసెయ్, నల్ల షీటు కాదు. ఈ ఎండలకి నాలుగు నుంచి ఆరు వారాలు అలా ఉంచితే కింద కలుపు గింజలు, తెగుళ్ళు చాలా వరకు ఉడికి చస్తాయి, తర్వాత నారు ఎంత శుభ్రంగా వస్తుందో చూస్తావు. తీశాక మాత్రం లోతుగా దున్నకు, కింది గింజలు మళ్ళీ పైకొస్తాయి. మిగతా నేల అలాగే వదిలెయ్, వానలు పడగానే పచ్చిరొట్ట ఎరువుగా జనుము గానీ జీలుగ గానీ ఒత్తుగా చల్లు, పూత మొదలయ్యే టైమ్‌కి, అంటే ఆరేడు వారాలకి, మట్టిలో కలిపి దున్నేసి, కుళ్ళడానికి రెండు మూడు వారాలు వదిలి ఆ తర్వాత కూరగాయలు వేసుకోవచ్చు. అప్పటికి మీ కస్టమర్ల లిస్టు ఎంత ఉందో, మూడో గంట నీళ్ళెన్నో చేతిలో రాసిపెట్టిన లెక్క ఉంటుంది కాబట్టి ఎంత వేయాలన్నది నన్ను అడగక్కర్లేదు.